అరవై రెండెకరాల ఆసామి

"గేదెను అమ్మేముందు నన్నొక్క మాట అడగాలా, వద్దా?" అని మాణిక్యాంబ కొడుకుని నిలదీయడం అది మూడో రోజు.

"అడిగితే అమ్మనిచ్చేదానివా?" అని ప్రభాకరం జవాబు చెప్పడం కూడా మూడో రోజే.

హైమావతి ఇద్దరి మధ్యా ఇడ్లీల గిన్నె పెట్టి, పచ్చడి గిన్నె మూత తీసింది. మొదటిరోజు ఆమె మొగుడి తరఫున రెండు మాటలు, అత్తగారి తరఫున రెండు మాటలు మాట్లాడి చూసింది. ఇద్దరూ కలిసి ఆమె మీద పడ్డారు. అప్పట్నుంచీ వడ్డన మాత్రమే చూసుకుంటోంది.

"పాలిచ్చే గేదె. పూటకి పన్నెండు లీటర్లు," అంది మాణిక్యాంబ.

"దాని బదులు ట్రాక్టరు కొన్నాను కదమ్మా. దున్నడం ఎంత సులువో చూడు."

"నేనడిగానా ట్రాక్టరు?"

"అసలది నిజం గేదెనా?"

"నిజం గేదె కాకపోతే అమ్మడానికి నీకేం తొందరొచ్చింది?"

ప్రభాకరం ఒక ఇడ్లీ సగం నోట్లో కుక్కుకున్నాడు.

వాళ్ళుండేది కాలవగట్టు రోడ్డులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు. ఆ ఇంట్లో గేదె కాదుగదా, కుండీలో పెట్టిన కరివేపాకు మొక్క కూడా బతకలేదు. గేదె ఉన్నది మాణిక్యాంబ ఫోనులో. రెండేళ్ళ కిందట ఆవిడ మోకాలి ఆపరేషనయి మంచం దిగలేని రోజుల్లో, మనవరాలు నీహారిక కాలక్షేపానికని ఒక సేద్యం ఆట ఎక్కించి ఇచ్చింది. అప్పుడు అందులో ఉన్నది ఒక రేకుల షెడ్డు, రెండు కోళ్ళు, అర ఎకరం బీడు. మోకాలు నయమైంది కానీ సేద్యం ఆగలేదు. ఇప్పుడు అరవై రెండెకరాలు, పద్నాలుగు గేదెలు, రెండు వందల కొబ్బరిచెట్లు, ఒక గాలిమర. ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి టీవీ ఆగిపోతే, తోచక తల్లి ఫోను తీసుకున్న ప్రభాకరం పుణ్యమా అని గేదెలు పదమూడయ్యాయి.

మాణిక్యాంబ తెల్లవారుజామునే లేచి, కాఫీ తాగకముందే వంగతోటకి నీళ్ళు పెట్టేది. గుడికి వెళ్ళాల్సొస్తే కోడలికి ఫోను అప్పగించి, "టమాటా పదింటికి కోతకొస్తుందే హైమా, మర్చిపోతే కుళ్ళిపోతుంది," అని రెండుసార్లు చెప్పి వెళ్ళేది.

"చూడమ్మా," అన్నాడు ప్రభాకరం ఇడ్లీ మింగి. అతను కోఆపరేటివ్ బ్యాంకులో అప్పుల సెక్షను చూస్తాడు. హామీ లేని మాట ఇంట్లో కూడా ఒప్పుకోడు. "ఫోను తమ్ముడు కొనిచ్చాడు. వైఫై నాది. చార్జింగు పెట్టే కరెంటు నాది. ఇందులో నీదేముంది?"

"పని."

"పని చేసినంత మాత్రాన పొలం మనదైపోతుందా? నీ పేర కాగితముందా?"

మాణిక్యాంబ తినడం ఆపేసింది. కంచంలో చెయ్యి కడిగేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట ఎక్కడ గుచ్చుకుందో హైమావతికి తెలుసు. మాణిక్యాంబ ఆమెకి అత్తగారు కాకముందు నుంచీ మేనత్త, తండ్రికి స్వయానా అక్క. కోడూరులంకలో తాతగారి నాలుగెకరాలూ హైమావతి నాన్న వీరభద్రం పేర ఉన్నాయి. మెట్టినింట్లో ఉన్న స్థలం మామగారి పేర ఉండేది, ఆయన పోయాక కొడుకుల పేరకి మారి, ఈ ఫ్లాటయింది. ఆఖరికి వంటింట్లో స్టీలు గిన్నెల మీద చెక్కించిన పేరు కూడా మామగారిదే. అరవై తొమ్మిదేళ్ళలో అత్త తన పేరు పెట్టి చూసుకున్నది ఆ ఫోనులో పొలం గేటు మీద ఒక్కచోటే: మాణిక్యాంబ తోట.

సరిగ్గా ఆ వారమే పేపరు మధ్యలోంచి ఒక రంగుల కాగితం జారిపడింది. 'మీ కనబడని ఆస్తికి కనబడే హక్కు' అని పైన పెద్దక్షరాలు. ఫోనుల్లో, కంప్యూటర్లలో ప్రజలకున్న సమస్త ఆస్తులనూ నమోదు చేసి హక్కుల పుస్తకాలు ఇస్తారట. మాణిక్యాంబ కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని మూడుసార్లు చదివింది.

"హైమా, రేపు వంట తొందరగా కానిచ్చెయ్," అంది.

*

అమూర్త ఆస్తుల నమోదు కార్యాలయాన్ని కాలవ అవతల, పాత భూమి కొలతల ఆఫీసు కట్టడంలో తెరిచారు. కొత్త శాఖకి కొత్తగా ఉద్యోగులను తీసుకునే వ్యవధి లేక, పాత ఆఫీసులో ఉన్నవాళ్ళనే ఉన్న కుర్చీల్లో ఉంచి బోర్డు మార్చారు. ఫారాలు కూడా పాతవే. 'భూమి' అన్న చోటల్లా అడ్డగీత కొట్టి, పైన 'అమూర్త ఆస్తి' అని రబ్బరు స్టాంపు వేశారు. స్టాంపులో సిరా ఎక్కువైన చోట కింద ప్రశ్న కనబడేది కాదు. జవాబు మాత్రం రాయాల్సిందే.

ప్రత్యేకాధికారి జగన్నాథరావుగారు ముప్పై ఏళ్ళు పొలాల గట్ల మీద తిరిగిన మనిషి. ఆరు నెలల్లో మూడు వందల నమోదులు చెయ్యాలని పైనుంచి ఆయనకి తాఖీదు వచ్చింది. అప్పటికి అయినవి రెండు. అందులో ఒకటి ఆయన మేనల్లుడి పాటల జాబితా.

"అరవై రెండెకరాలా!" అని ఆయన కుర్చీలోంచి లేచారు. "కూర్చోండమ్మా, కూర్చోండి. గ్రామం?"

"ఫోనులోనండి," అంది మాణిక్యాంబ.

"గ్రామం: ఫోను," అని పలుకుతూ ఆయన పక్క బల్ల దగ్గర గుమాస్తా సూర్యకుమారి కేసి చూశారు. ఆమె రాసుకుంది. "మెట్టా, మాగాణా?"

"వేలితో నొక్కితే నీళ్ళొస్తాయండి."

"మాగాణి. సాలుకి ఎన్ని పంటలు?"

"గోధుమ నాలుగు గంటల్లో పండుతుందండి. రోజుకి ఆరు పంటలు తీస్తాను. నిద్రపోతే నాలుగు."

జగన్నాథరావుగారు కొంచెంసేపు లెక్క కట్టుకుని, కొట్టేసి, 'ఆరు' అని రాయించారు. "నాలుగు హద్దులు చెప్పండి. తూర్పు?"

మాణిక్యాంబ ఫోను తీసి చూపించింది. తూర్పున కర్ర కంచె. కంచె అవతల ఎవరిదో వేరే తోట, గేటు మీద ఇంగ్లీషులో ఏదో పేరు, పక్కన మూడు అంకెలు. దక్షిణాన చెరువు. పడమట సంత. ఉత్తరాన మబ్బులు.

"మబ్బులు హద్దుగా చెల్లవమ్మా. పోరంబోకు అని రాస్తాను," అన్నారాయన. "ఈ సదరు ఆస్తి ఏ మండల పరిధిలోకి వస్తుందన్నది మొదటి ప్రశ్న. ఫోను ఎక్కడుంటే భూమి అక్కడున్నట్టు భావించవలెనని నా అభిప్రాయం. కాబట్టి విచారణ పూర్తయ్యే దాకా సదరు ఫోను మండలం పొలిమేర దాటరాదు."

"వచ్చేవారం అన్నవరం వెళ్దామనుకున్నామండి," అంది హైమావతి.

"మీరు వెళ్ళండమ్మా. భూమి వెళ్ళకూడదు."

*

సర్వేయరు అప్పలస్వామి సోమవారం పొద్దున్న గొలుసు, దిక్సూచి, జెండాలు పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. లిఫ్టు పనిచేస్తోంది కానీ, క్షేత్ర పరిశీలనకు కాలినడకన వెళ్ళాలని రూలు.

"పొలం ఏదమ్మా?" అన్నాడు ఆయాసపడుతూ.

హైమావతి హాలు మధ్యలో చాప వేసి, దాని మీద ఫోను పెట్టింది. అతను చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చాప చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి మట్టి ముట్టుకోబోయి, అలవాటు పొరపాటని గ్రహించి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దిక్సూచి ఫోను పక్కన పెట్టి, "ఉత్తరం ఇటమ్మా. పొలాన్ని కాస్త తిప్పండి," అన్నాడు.

హైమావతి ఫోనుని పక్కకి తిప్పింది. ఫోనుతో పాటు లోపల పొలం కూడా గిర్రున తిరిగి అడ్డంగా పడుకుంది. తూర్పున ఉండాల్సిన కంచె కిందికొచ్చింది.

అప్పలస్వామి తెల్లబోయాడు. "ఇందాకా చెరువు దచ్చినాన లేదూ?"

"ఉందండి."

"మరిప్పుడు పడమటేపుకొచ్చీసిందేటి? ఆక్రమణ అయిపోనాదన్నమాట!" అని పుస్తకంలో రాసుకున్నాడు. మళ్ళీ తిప్పించాడు. చెరువు మళ్ళీ జరిగింది. మళ్ళీ రాసుకున్నాడు. అలా ఆరుసార్లు తిప్పేసరికి ఆక్రమణలు ఆరయ్యాయి. అన్నీ పొరుగు తోటవాడి మీదే రాశాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఇంత తెగించిన పొరుగువాణ్ణి చూడలేదన్నాడు.

నీహారిక కాలేజీకి వెళ్తూ ఆగి, ఫోనులో ఏదో నొక్కి, తిరగకుండా చేసింది. "అయిపోయిందండి. ఇక కదలదు."

అప్పలస్వామి ఆ అమ్మాయి కేసి గౌరవంగా చూశాడు. "సరిహద్దు నిలబెట్టీసినారు. పెద్ద పెద్ద ఆఫీసర్లకే అవదమ్మా అది," అని, ఆమె పేరు కూడా సాక్షిగా రాసుకుని, ఒక గ్లాసు మజ్జిగ తాగి వెళ్ళాడు.

రెండురోజుల తర్వాత ఆఫీసు నుంచి బంట్రోతు వచ్చాడు, జిగురు డబ్బాతో. నమోదుకు ముందు పదిహేను రోజుల పాటు ఆస్తి ముఖద్వారానికి నోటీసు అంటించి ఉంచాలట. 'ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా' అని మొదలయ్యే కాగితాన్ని అతను ఫోను తెర మీద నాలుగు మూలలా శుభ్రంగా అంటించాడు.

"అయ్యో, పైరు ఎలా కనబడుతుంది బాబూ?" అంది మాణిక్యాంబ.

"కనబడదండి. చింపితే కేసండి," అని సంతకం పెట్టించుకుని పోయాడు.

ఆ సాయంత్రం హైమావతి ఒక చెంచాలో వేడినీళ్ళు తెచ్చి, కుట్టుసూదితో నోటీసు కుడివైపు అడుగు మూల మాత్రం సన్నగా పైకి లేపింది. ఆ సందులోంచి ఆగ్నేయంలో ఆరెకరాల వంగతోట కనబడింది. పదిహేను రోజులూ అత్తా కోడళ్ళు ఆ ఆరెకరాలనే బతికించారు. మిగిలిన యాభై ఆరెకరాల్లో ఏం జరుగుతోందో తెలీదు. కాగితం వెనక నుంచి అప్పుడప్పుడూ గేదెలు అరిచేవి. అరిచినప్పుడల్లా మాణిక్యాంబ చేతిలో ఉన్న పని వదిలేసి వచ్చి ఫోను నిమిరేది.

"వదిలేద్దాం అత్తా ఈ గొడవ," అంది హైమావతి ఒకరోజు.

"నా పేరు రాస్తామన్నారే," అంది మాణిక్యాంబ. "ఎక్కడ రాస్తేనేం. సర్కారు కాగితం మీద ఒక్కసారి చూసుకోవాలనుంది."

*

నోటీసుకి రెండు అభ్యంతరాలు వచ్చాయి. రెండూ ఇంట్లోంచే. వైఫై అనే నీటి వసతి తనదని ప్రభాకరం ఒకటి రాశాడు. ఫోను అనే మూలాధారం తన డబ్బుతో కొన్నదని చిన్న కొడుకు రాజశేఖరం ఒకటి రాశాడు. అతనుండేది అదే ఊళ్ళో, స్టేషను దగ్గర. తమాషాకి రాశామనే ఇద్దరూ అన్నారు. కానీ విచారణకి ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, సెలవు పెట్టి వచ్చారు. "రేపెప్పుడైనా విలువ పెరిగితే?" అని రాజశేఖరం మెట్ల మీద అన్నతో అనడం హైమావతి చెవిన పడింది.

జగన్నాథరావుగారు గొంతు సవరించుకున్నారు. "అర్జీదారుగారూ, సదరు ఆస్తి స్వార్జితమా, పిత్రార్జితమా?"

"ఈ బొటనవేలితో సంపాదించానండి," అని మాణిక్యాంబ వేలు చూపించింది. చివర తోలు మందమెక్కి ఉంది.

"స్వాధీనం ఎవరిది?"

"నాదేనండి."

"స్వాధీనం అనగా ఏమిటన్న దాని మీద చట్టానికి ఒక అభిప్రాయం ఉందమ్మా. వస్తువు చేతిలోనైనా ఉండాలి, కాలి కిందైనా ఉండాలి. మీ చేతిలో ఉన్నది ఫోను. పొలం కాదు."

"మీరెప్పుడైనా పొలాన్ని చేత్తో పట్టుకున్నారాండీ?"

ఆయన సూర్యకుమారి కేసి తిరిగారు. "అర్జీదారు ఎదురు ప్రశ్న వేసినారు అని రాయండి." మళ్ళీ ఇటు తిరిగారు. "ఆట మొదలుపెట్టినప్పుడు 'అంగీకరిస్తున్నాను' అన్న చోట నొక్కారా?"

"నొక్కకపోతే కోళ్ళు రావండి."

"అక్కడే ఉంది అసలు సంగతి. అది నలభై ఒక్క పేజీల ఒప్పందం. నేను ఆసాంతం తెలుగు చేయించాను." ఆయన ఒక కట్ట విప్పారు. "తొమ్మిదో క్లాజు. సదరు నేల, నీరు, పశువులు, చెట్లు, గాలి, మబ్బులు వగైరా సమస్తమూ కంపెనీవారివే. వాడుకరికి వాడుకునే అనుమతి మాత్రమే గలదు. సదరు అనుమతిని కంపెనీవారు ఎప్పుడైననూ, ఏ కారణమూ చెప్పకయే రద్దు చేయవచ్చును."

మాణిక్యాంబ బల్ల మీది ఫోనుని తన వైపు లాక్కుంది.

"అంటే గేదె కూడా అమ్మది కాదా?" అన్నాడు ప్రభాకరం. గొంతులో చిన్న ఉత్సాహం.

"కాదు. మీరు అమ్మినది కంపెనీవారి గేదెను. దాని సంగతి వేరే ఫైలులో చూద్దాం." ప్రభాకరం ఉత్సాహం అక్కడితో దిగిపోయింది. "కాబట్టి అమ్మా, ఈ భూమికి మీరు యజమాని కారు. చట్టం దృష్టిలో ఈ సంబంధాన్ని కౌలు అందురు. కౌలు ఏమాత్రం చెల్లిస్తున్నారు?"

"ఏమీ ఇవ్వడం లేదండి. మధ్యలో షాంపూల ప్రకటనలు చూపిస్తాడు. చూస్తాను."

"రోజుకి ఎన్ని?"

"పదీ, పదకొండూ."

"కౌలు: దినమునకు పదకొండు షాంపూలు," అని ఆయన రాయించారు. సూర్యకుమారి తలెత్తకుండా రాసింది కానీ, ఆమె భుజాలు కొంచెం కదలడం హైమావతి చూసింది.

కౌలుకి యజమాని సమ్మతి కావాలి కనుక కంపెనీకి ఉత్తరం పెట్టారు. నిమిషంలో జవాబొచ్చింది. 'ప్రియమైన రైతూ, మాతో ఆనందిస్తున్నందుకు ధన్యవాదాలు. ఈ సమాధానం మీకు ఉపయోగపడిందా?' అని. దాన్ని జగన్నాథరావుగారు ముద్ర వేసి ఫైల్లో పెట్టుకున్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత మర్యాదగా జవాబిచ్చిన భూస్వామి మరొకడు తగల్లేదట.

అంతటితో అయిపోయేదే. కానీ ఒక కుటుంబం ఇంతకు మించి భూమి సాగు చెయ్యకూడదనే గరిష్ఠ పరిమితి ఒకటుందని ఎవరో గుర్తు చేశారు. అరవై రెండులో ఎనిమిదెకరాలు మిగులు తేలింది. మిగులు భూమిని నిరుపేదలకు పంచాలి. మంగళవారం పొద్దున్న తలుపు కొడితే హైమావతి వెళ్ళి తీసింది. బయట ఒక నడివయసు మనిషి, చేతిలో పట్టా కాగితం. పేరు నూకరాజు. లారీలకి బస్తాలు ఎక్కిస్తాడు.

"ఎనిమిదెకరాలు మీ ఇంట్లో ఉన్నాయని ఆపీసోళ్ళు పంపేరమ్మా," అన్నాడు.

హైమావతి అతన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మాణిక్యాంబ ఫోను తెచ్చి, సంత పక్కనున్న ఎనిమిదెకరాలూ వేలితో చూపించింది. "మంచి నేలే నాయనా. జామచెట్లు కాపుకొచ్చాయి."

నూకరాజు చాలాసేపు చూశాడు. జేబులోంచి తన ఫోను తీశాడు. అంకెల మీటలున్న పాత రకం, వెనక రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. "ఇందులోకి దిగుద్దా అమ్మా?"

"దిగదు నాయనా."

"మరైతే మీరే చేసుకోండమ్మా, నా తరపున. అప్పుడప్పుడూ వచ్చి చూసుకెళ్తాను." లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "పట్టా మట్టుకు నా దగ్గరుంచుకుంటానండి. మా ఇంటిదానికి చూపించాలి. మా ఇంటో ఎవరి పేరూ ఇలా అచ్చులో ఎప్పుడూ లేదండి."

అతను వెళ్ళాక మాణిక్యాంబ ఆ జామతోటకి నీళ్ళు పెట్టింది. ఆ రోజు గోధుమ కోత మర్చిపోయింది.

*

అర్జీ పెట్టాక నాలుగు నెలల్లో అత్తా కోడళ్ళు ఆ ఆఫీసుకి పదిహేడుసార్లు తిరిగారు. అధికారి లేనప్పుడు సూర్యకుమారి బల్ల దగ్గర కూర్చునేవారు. ఆమె టీ తెప్పించేది. మాణిక్యాంబ ఆఫీసు మాటలన్నీ ఒకటొకటిగా అడిగి తెలుసుకునేది. అడంగల్ అంటే ఏమిటి, వారసత్వం ఎలా రాస్తారు, పంపకం ఎప్పుడు చెల్లుతుంది అని. సూర్యకుమారి పదిహేనేళ్ళు మట్టి భూముల ఫైళ్ళు చూసిన మనిషి. ఈ షాంపూల కౌళ్ళ మధ్య, అడిగేవాళ్ళు దొరికితే సంతోషంగా చెప్పేది.

ఒకరోజు మాణిక్యాంబ టీ గ్లాసు కింద పెట్టి అడిగింది. "అమ్మాయ్, తండ్రి పోయాక కొడుకు ఒక్కడే పొలమంతా తన పేర రాయించుకుంటే, కూతురికి అందులో ఏం ఉండదు కదా?"

"మీ నాన్నగారు వీలునామా రాశారాండీ?"

"లేదు. నోటిమాట మీదే. నీ పెళ్ళికి గొలుసు పెట్టాం కదా, ఇక పొలం తమ్ముడిది అనుకున్నారు. పెద్దమనుషులు కూర్చున్నారు."

"మీరు కూర్చున్నారా?"

"నేను లోపల కాఫీలు కలుపుతున్నాను."

"రిజిస్టరైన పంపకం కాగితం కానీ, మీరు హక్కు వదులుకున్నట్టు సంతకం కానీ ఉందాండీ?"

"నన్నెవరు అడిగారమ్మా సంతకం!"

సూర్యకుమారి కలం మూత పెట్టింది. "మరైతే అది పంపకం అయినట్టు కాదండీ. మా చెల్లెలు ప్లీడరు. అడిగి చూడండి. కానీ నేను చూసినంతలో, అందులో సగం ఇప్పటికీ మీదే."

హైమావతి చేతిలో టీ చల్లారిపోయింది. ఆ పెద్దమనుషుల మధ్య కూర్చున్నది తన నాన్న. ఏటా సంక్రాంతి పంట రాగానే రెండు బస్తాల బియ్యం పంపించి, 'అక్కకి నేనేం లోటు చెయ్యలేదు' అని తృప్తిగా చెప్పుకునే నాన్న. అబద్ధమాడే మనిషి కాదు. పొలం పేరు మార్పించే కాగితాల్లో 'అప్పచెల్లెళ్ళు ఉన్నారా' అన్న ప్రశ్న ఎదురైనప్పుడు ఆయన ఏం రాసి ఉంటాడో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆటోలో తిరిగొస్తూ కాలవ వంతెన మీద మాణిక్యాంబ అంది, "ఊరికే అడిగానే. వాడు నా తమ్ముడు. నీకు తండ్రి. నీకు కష్టం కదా."

హైమావతి రోడ్డు కేసి చూస్తూ కూర్చుంది. వంతెన దిగాక, "నాక్కూడా ఒక తమ్ముడున్నాడు అత్తా," అంది.

*

హక్కుల పుస్తకం శనివారం వచ్చింది. ముదురాకుపచ్చ అట్ట, బంగారు అక్షరాలు. జగన్నాథరావుగారు స్వయంగా, ఫొటోగ్రాఫరుతో సహా తెచ్చి ఇచ్చారు. అది ఆయన మూడు వందో నమోదట. మాణిక్యాంబ పట్టుచీర కట్టుకుంది. ఫొటో అయి, ఆయన వెళ్ళాక, కళ్ళద్దాలు పెట్టుకుని పుస్తకం తెరిచింది. హైమావతి ఆమె భుజం మీదుగా వంగి చదివింది.

యజమాని: కంపెనీవారు (విలాసము తెలియరాలేదు).

కౌలుదారు: ప్రభాకరం (ఇంటర్నెట్టు బిల్లు సదరు వ్యక్తి పేర ఉన్నందున).

పశువుల సంరక్షకుడు: రాజశేఖరం (ఫోను రసీదు ఆధారంగా).

మిగులు భూమి లబ్ధిదారు: నూకరాజు.

సరిహద్దు సాక్షి: కుమారి నీహారిక.

పేజీ తిప్పితే, అడుగున ఇంకొక గడి ఉంది.

వ్యవసాయ కూలీ: మాణిక్యాంబ, స్త్రీ, 69 సం. (భూమిపై నిత్యమూ శ్రమించుచున్నట్లు విచారణలో రుజువైనందున).

మాణిక్యాంబ ఆ గడి మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు చదివింది. తర్వాత పుస్తకం మూసి, పట్టుచీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

మర్నాడు ఆదివారం అందరూ భోజనాలకి కూర్చున్నారు. రాజశేఖరం, అతని భార్య లలిత కూడా వచ్చారు. గుత్తివంకాయ కూర, మామిడికాయ పప్పు. పుస్తకం ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్ళింది. ఎవరు చదివినా చివరి గడి దగ్గర నవ్వు ఆగలేదు.

"కంగారు పడకమ్మా, నిన్ను పనిలోంచి తీసెయ్యనులే," అన్నాడు ప్రభాకరం.

"గేదెల దగ్గర కూడా పని ఉంది. నా పర్మిషను తీసుకుని రా," అన్నాడు రాజశేఖరం.

లలిత నవ్వలేక కళ్ళు తుడుచుకుంది. "కూలి రేటెంతో అడిగారా అత్తయ్యా?"

నీహారిక ఒక్కతే నవ్వకుండా నానమ్మ కేసి చూస్తోంది. హైమావతి తలవంచుకుని మజ్జిగ వడ్డిస్తోంది.

మాణిక్యాంబ వాళ్ళ నవ్వు పూర్తయ్యేదాకా ఆగింది. మజ్జిగలో అన్నం కలుపుకుని, ఉప్పు వేసుకుంది.

"కోడూరులంక నాలుగెకరాల్లో నా సగం నాకు పంచమని వీరభద్రానికి వకీలు నోటీసు పంపించాను," అంది. "నిన్న మధ్యాహ్నం రిజిస్టరు పోస్టులో వెళ్ళింది."

ప్రభాకరం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మామయ్యకా? నోటీసా?" అని తల్లి కేసి చూసి, అక్కణ్ణుంచి భార్య కేసి తిరిగాడు. "మీ నాన్నకి! నీకు తెలుసా ఇది?"

"కవరు మీద చిరునామా నేనే రాశాను బావా," అంది హైమావతి. మజ్జిగ గిన్నె కింద పెట్టి తనూ కూర్చుంది.

మాణిక్యాంబ ఒక ముద్ద తిని, నెమ్మదిగా మిగిలిన మాట కూడా చెప్పింది.

"పదిహేను రోజులు గడువిచ్చాను. ఒప్పుకుంటే రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తాం, ఒప్పుకోకపోతే కోర్టుకి వెళ్తాం. ఎక్కడికైనా హైమా నాతో వస్తుంది. మీరెవరూ సెలవు పెట్టక్కర్లేదు."